పెట్టె మీద ఎవరు?

గంటస్తంభం వెనక సందులో
తవిటయ్య హార్మణీల కొట్టు.
కొట్టంటే కొట్టూ కాదు, గొడుగు విప్పితే నిండిపోయే చోటు.
మా బడి పెట్టెకి మధ్యమం బొంగురుపోయిందని
నేను మోసుకెళ్లిన సాయంత్రం
అక్కడ అప్పటికే వాన, పకోడీలు, తగువు.

“సూరప్పడు బావూ, సూరప్పడు!
పాలకొండోడు. ఆడి తరవాతే ఎవడైనా.
పెట్టి మీద గమకం పలికించినాడు” అని దాలినాయుడు.
“పెట్టి మీద గమకమేటి, నీ మొకం?
మెట్టుకీ మెట్టుకీ మధ్యన గోడుంటాది.
గోడలోంచి నడిసెల్లిపోనాడేటి?” అని గౌరీశు.
“ఎల్లినాడు. నాను సూసినాను.”
“సూడ్డమేటి, ఇన్నావా?”
“రెండూను.”

గౌరీశుది రాజాం మస్తాను పక్షం.
మస్తాను వాయిస్తుంటే తిత్తి
నిద్రపోయే పసిగుడ్డు పొట్టలా లేచి పడేదట.
చుట్ట ఆరకుండా, కాలు మార్చకుండా
వేగుచుక్క దాకా కూచునేవాడట.
“కూకోడం గొప్పయితే
మా గేదె ఇంకా గొప్పది” అన్నాడు దాలినాయుడు.
ముప్పై ఏళ్ల కిందట పోయిన మనుషులిద్దరు
ఆ సందులో ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని
తడుస్తూ నిలబడ్డారు.

తవిటయ్య మాట్లాడడు.
మా పెట్టె పొట్ట విప్పి
ఒక సుద్దముక్క, రెండు బొద్దింక రెక్కలు,
ఎవరి పిల్లదో ముక్కుపుడక శీల
ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.
“సూరప్పడి పెట్టి నా కాడికే వొచ్చీది” అన్నాడు చివరికి.
“పై మెట్లు మూడు, చెంచాలాగ గుంటలడిపోయీవి.
మస్తానుదైతే మెట్లు కొత్తవే, తిత్తి తోలు చిరిగీది.
ఒకడు ఏళ్లతోటి, ఒకడు ఊపిరితోటి.
నాకు ఇద్దరూ బాకీయే.”

“మరి నీ లెక్కలో ఎవడు?”

వాడు రీడు మీద ఉఫ్‌మని ఊది వెలుతురుకి పట్టాడు.
“గజపతినగరంలో ఓ రేత్రి
రాజు యేషగాడికి పద్యం సగంలో గొంతు జీరపోయింది.
నాలుగు శ్రుతిలో ఎత్తుకున్నాడు, పై షడ్జం అందదు.
పెట్టి మీదోడు ఏటి సేసినాడో,
రాగం తీస్తూ తీస్తూ
నూతిలోకి చేద దించినట్టు
శ్రుతి కిందికి దించేసినాడు.
జనానికి తెల్దు. రాజుకే తెల్దు.
వన్సుమోరు రాజుకి, ఎండి పతకం రాజుకి.
తెరతాడు పట్టుకున్నోణ్ని, నాకు తెలిసింది.”

“పేరు?”
“అడగలేదు.
కాయితంలో ‘హార్మణీ: స్థానికులు’ అని అచ్చేసినారు.”

గౌరీశు పకోడీ నములుతూ తీర్పు చెప్పేశాడు:
“పేరు లేనోడు పందెంలో చెల్లడు.”
దాలినాయుడు, ఆ రోజుకి మొదటిసారి, ఔనన్నాడు.
పొట్లం నా వైపు కూడా జరిపాడు.

అప్పుడే కరెంటు పోయింది.
చూరు నీళ్లు. కోట వైపు ఎక్కడో ఆటో హారను.
ఆ చీకట్లో మా పెట్టె పలికింది.
నాలుగంటే నాలుగు స్వరాలు.
బొంగురు వదలని ఆ మధ్యమం మీదే
కావాలని కాసేపు ఆగి,
అక్కణ్నించి గాంధారానికి వచ్చిన తీరు,
అది దూకడం కాదు, జారడం.
గోడలో సందుందేమో అనిపించింది.
తగువు కూడా ఊపిరి బిగబట్టింది.

కరెంటొచ్చేసరికి
దాలినాయుడి వేళ్లకి నూనె.
గౌరీశు వేళ్లకి నూనె.
తవిటయ్యవి సరేసరి, మిషను నూనె.
పకోడీ తిన్నాను కనక నావీ అంతే.
తెల్లమెట్టు మీద చిన్న మరక మెరుస్తోంది.
నేనూ అడగలేదు.

“ఎనబై ఇయ్యండి మేష్టారూ.
మధ్యమం మళ్లీ బొంగురుపోతాది, ఇత్తడి ముసిలైపోయింది.”

పెట్టె మీద గోనె కప్పి
మోకాలిబంటి నీళ్లలోకి దిగుతుంటే
వెనక మళ్లీ రాజుకుంది:
“అదే సూరప్పడైతేనా...”