వెనక గేటు

కాశీబుగ్గలో రాత్రి రెండున్నర.
బాయిలర్ చల్లారింది గానీ
జీడిపిక్కల పొగ ఇంకా కీబోర్డు మీద జిడ్డుగా ఉంది.
తూకాల లెక్క తీసే ప్రోగ్రాం
పగలు నా చేత్తో నడిపితే నడుస్తుంది.
రాత్రి దానంతటది లేచి
దారి తెలీదని చచ్చిపోతుంది. ఇది మూడో రాత్రి.

దారి చెప్పాను కదా!
పేరు ముందు చుక్క పెట్టుకుని
ఎవరికీ కనబడకుండా కూర్చునే బాష్‌ఆర్‌సీలో,
అట్టడుగు లైన్లో.
ఎక్స్‌పోర్ట్ అని కూడా రాశాను
మా డబ్బాల మీద కొట్టినట్టే,
గడప దాటి పిల్ల ప్రాసెస్‌లకి అందాలని.

టీ గ్లాసు పెడుతూ తవిటమ్మ అంది:
"రేటు పెరిగినాదని ముందు గేటుకాడ బోర్డెట్టినారట.
మాం రేతిరోలం బాబూ, ఎనక గేటంట ఒస్తాం.
మాకేటి తెలుస్తది?
నెల్లాళ్ళూ పాత రేటే ఇచ్చినారు, పట్టుకెళిపోనాం."

ఆ బోర్డు రాసింది నేనే.

టెర్మినల్ తెరిస్తే బాష్‌ఆర్‌సీ,
లాగిన్ అయి వస్తే ప్రొఫైల్.
అర్ధరాత్రి క్రాన్ పిలిచిన పని
ఏ గేటూ చూడదు, గోడ దూకి వస్తుంది.
దాని చీటీ దాని చేతిలోనే పెట్టాలి.

స్క్రిప్టు నెత్తిన ఒక్క లైను రాశాను.
నడిచింది.
వెనక గేటుకి సుద్దముక్క పట్టుకెళ్ళే ముందు
నెల్లాళ్ళ తేడా ఎంతో దాన్నే అడిగాను.

నలభై ఒక్క పేర్లు.
తవిటమ్మది పదిహేడోది.
టీ చల్లారిపోయింది.