పోటు లెక్క

సున్నా నుంచి పదిలోపు ఎంతో చెప్పమంది ఇరియా.
ఏ కొలబద్దతో, అన్నాను.
నా ఏప్రాన్ జేబులో ఒకటుంది, ఇత్తడిది.
ఆల్చిప్పని అందులోంచి జార్చి చూస్తాం.
జారి పడిందా, ఇంకా ఎదగాలి, వెనక్కి నీళ్లలోకి.
నా నడుం నొప్పి దాంట్లోంచి ఏనాడూ జారలేదు.

ముప్పై నాలుగేళ్లు
అట్లాంటిక్ వెనక్కి తగ్గిన గంటల్లో
బురద ఇసుకలోకి దిగి వంగి తవ్వాను.
చిప్ప ఊపిరి తీసే చిన్న కన్నం కనబడితే చాలు,
చెయ్యి దానంతటదే పోయేది.
ఇప్పుడా కన్నాలన్నీ నా వెన్నులో ఉన్నాయి.

ఫిల్ము దీపానికి ఎత్తి చూశాడు డాక్టరు.
"వయసుకి తగ్గట్టే ఉన్నాయి ఎముకలు, దోసిందా,"
మెచ్చుకున్నట్టు అన్నాడు.
ఆ పైన ఈ పిల్ల దగ్గరికి పంపాడు.
మనసు డాక్టరనగానే
మా వదిన ఎర్మితాస్ మూతి తిప్పింది:
"అంటే నొప్పి లేదన్నమాట నీకు."
పోటుకంటే లోతుగా దిగింది ఆ మాట.

మొదటి రోజు అదే అడిగాను, నిలబడే
(కూర్చుంటే లేవలేను, ఆ సంగతి వేరు):
నేను అబద్ధమాడుతున్నానా?
"లేదు. నొప్పి నిజం.
కాపలా కుక్క పడుకోవడం మరిచిపోయింది, అంతే.
దొంగ పోయి ఏళ్లయినా మొరుగుతోంది."
కుక్కల్ని పెంచినదాన్ని, అర్థమైంది.
మొరిగేదాన్ని కొడితే ఏమవుతుందో కూడా.

మా గలీసియాలో వానకి బోలెడు పేర్లు,
నొప్పికి ఒక్కటే.
పెట్టమంది. పెట్టాను:
ముల్లుది. తడిగుడ్డ పిండేది. ఆదివారంది.

గదిలో ఎనిమిది మందిమి.
రాతిపని ఉబాల్దో, మోకాళ్లు లేవంటాడు, ఉన్నాయి.
నల్ల కళ్లద్దాల కుర్రాడొకడు, ఎవరితోనూ మాట్లాడడు.
కళ్లు మూసుకుని ఊపిరిని పాదాల దాకా పంపమంటే
ఉబాల్దో గురక పెట్టేస్తాడు.
ఎవ్వరం లేపం. అతను నిద్రపోయి నెలలైంది.

ఆరో వారం ఒక లెక్క చెప్పింది ఇరియా:
నొప్పి ఆపమన్నాక కాదు,
అది నోరు తెరవకముందే ఆగాలి.
పావుగంట తవ్వు. ఆపు. బాగున్నా ఆపు.
నవ్వొచ్చింది నాకు.
నీళ్లు చీలమండ తాకకముందే తిరగమని
మా అమ్మ నాకు ఏడేళ్లప్పుడే చెప్పింది.
పోటుతో పందెం కాసినవాళ్ల పేర్లు
మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు.
సొంత నడుం దగ్గరికొచ్చేసరికి
ఆ తెలివంతా ఏ గంగలో కలిసిందో.

నొప్పి పోలేదు, అది కూడా రాసుకోండి.
నిన్న రాత్రి మూడింటికి లేపింది, ముల్లుది.
"నువ్వా," అని అటు తిరిగి పడుకున్నాను.

పొద్దున సగం బుట్టతోనే గట్టెక్కి
రాయి మీద కూర్చుని మొక్కజొన్న రొట్టె తీశాను.
అంతమంది ఆడవాళ్లు వంగి తవ్వుతుంటే
సిగ్గేసింది.
ఆ సిగ్గు కాసేపుంది.
తర్వాత రొట్టె రుచి తెలిసింది.

ఎర్మితాస్ దూరం నుంచి చూసింది. ఏమీ అనలేదు.
కొంతసేపటికి తన పార ఇసుకలో గుచ్చి,
నడుం మీద చెయ్యేసుకుని వచ్చి,
కాస్త జరగమంది.