పద్నాలుగో గడి

కోడుమూరు దాటినాక బస్సు దిగి
హంద్రి వెంట మైలు దూరం నడిచి వచ్చినాను.
సంచిలో సంస్థ దరఖాస్తులు నాలుగు,
కొలత టేపు, రెండు నీళ్ళ సీసాలు.
సీసాల్లో నీళ్ళు అప్పటికే టీకి పనికొచ్చేట్టున్నాయి.

ఏట్లో నీళ్ళు లేవు. ఇసుక కూడా సగమే.
ట్రాక్టరు చక్రాల చాళ్ళు మాత్రం
ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా పారుతున్నాయి.

మద్దిలేటి ఇంటి ముందర ఆము చల్లారింది.
పత్తికట్టె బూడిదలోంచి కుండలు ఏరుతున్నారు.
ఒక్కోదాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గి
కంగుమంటే నీడలోకి,
మూగగా పలికితే గోడ పక్కకు.
మా ఎంపిక కమిటీలో తొమ్మిది మంది ఉన్నారు.
ఇంత త్వరగా తేల్చరు.

గడి ఒకటి, కళాకారుడి పేరు.
కుమ్మరి మద్దిలేటి.
గడి ఐదు, ఎన్నో తరం?
ముసలాయన సుంకన్న మంచం మీద నుంచే అన్నాడు:
"ఐదని రాసుకో.
పోయినసారి వచ్చినాయప్పకు ఏడని చెప్పినా,
ఏడన్నా రూపాయి రాలేదు."

గడి తొమ్మిది, గతంలో అందిన సాయం.
మోటారు సారె, రెండేండ్ల కింద.
తిరిగేటప్పుడు ఒక ఫొటో కావాలన్నాను.
మద్దిలేటి ఇంట్లోకి చూసి పిలిచినాడు, "ఈరమ్మా."

రాతి సారెను ఆడది ముట్టదు ఈ ఇంట్లో.
చెరువు మన్ను మోయవచ్చు, తొక్కవచ్చు, రాళ్ళు ఏరవచ్చు,
కుండ అడుగును చెక్కతో తట్టి తట్టి మూయవచ్చు,
నెత్తిన పెట్టుకొని సంతకు పోవచ్చు.
సారె మాత్రం మగవాళ్ళది.
"మరి ఇది?" అన్నాను.
సుంకన్న బీడీ ఆర్పినాడు.
"ఇది సారె ఎట్లయితాది మా, మిషను గదా.
మీ ఇంట్లో మిక్సీ ఎవరు తిప్పుతారు?"

ఏ వార్షిక నివేదికలోనూ లేదు ఈ సంగతి.
సంస్థ తలచింది మద్దిలేటి భుజం నొప్పినే.
ఈరమ్మ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ నడుమ దోపుకొని కూర్చుంది.
మన్ను లేచింది,
నిద్ర లేపితే లేచిన పిల్ల మాదిరి
ముందు కొంచెం వంకరగా, తర్వాత నిటారుగా.
పదహారేండ్లు అడుగులు మూసిన చేతులు
ఇప్పుడిప్పుడే అంచు దాకా వస్తున్నాయి.

పోయిన ఏడు బెంగళూరు ప్రదర్శనకు
గాజు మెరుగు పూయమన్నారంట. నీలం రంగు.
పద్దెనిమిది అమ్ముడుపోయినాయి.
"ముద్దుగుంటాయి మా, కాదనను.
నీళ్ళు పోస్తే చల్లగ కావు అంతే.
చెమట పట్టని కుండ ఏం చల్లబరుస్తాది?"
కాసేపాగి, "ఈసారి గూడా పూస్తాం.
పిల్లోని హాస్టలు ఫీజు దాంట్లోనే వచ్చింది."

గడి పద్నాలుగు:
మీ పనిలో సమకాలీనత ఏమిటి?
రెండుసార్లు చదివి వినిపించినాను.
"అంటే?"
"అంటే... ఈ కాలానిదని."
ఈరమ్మ బయట ఎండను చూసింది. నలభై నాలుగు డిగ్రీలు.
"ఈ కాలానిదే గదా. ఎండాకాలానిది.
వానాకాలం కుండలు ఎవరు కొంటారు?"

అదే రాసినాను, ఒక్క మాట మార్చకుండా.
రాసి, ఒకటో గడికి వెనక్కి పోయినాను.
పేరు మార్చనా?
"వద్దు మా. బ్యాంకు బుక్కు ఆయప్ప పేరు మీద ఉండాది,
పేరు కలవకుంటే లెక్క వెనక్కి పోతాది."
గోట్లో మన్ను గీరుకుంటా, నా వైపు చూడకుండా,
"పక్కన చోటుంటే చిన్నగా రాయి."

చోటు లేదు. మార్జిన్లో రాసినాను.

కర్నూలు ఆఫీసులో నా బల్ల మీద
మెరుగు లేని కుండ ఒకటి ఉంది ఇప్పుడు.
నూట ఇరవై తీసుకుంది, రూపాయి తగ్గలేదు.
రాత్రంతా చెమట పట్టి
తెల్లారేసరికి ఫైలు మీద తడి సున్నా చుట్టింది.
మొదటి పేజీ సిరా అలుక్కుపోయింది.
కమిటీ శుక్రవారం కూర్చుంటుంది,
కొత్త దరఖాస్తు రాసి తొమ్మిది కాపీలు తీయాలి.

మా జిరాక్సు మిషను అంచులు కోసేస్తుంది.
ముందు దాని సంగతి చూడాలి.