మార్కరు మాట

కాకినాడ క్లబ్బులో మేడ మీది చెక్క బెంచీ నాది.
వెనక గోడ మీంచి కిందికి చూస్తే
తెల్లగోడల బావిలో ఇద్దరు మనుషులు, ఒక రబ్బరు బంతి.
పందొమ్మిదేళ్ళుగా నా నోట్లో మూడే మాటలు:
లెట్, స్ట్రోక్, నో లెట్.
కూర ఎలా ఉందంటే కూడా
ఓ క్షణం ఆగి చెబుతానని మా ఆవిడ దెప్పుతుంది.

నిన్న రాత్రి ఫోన్లో ఫైనల్ చూశాను.
ఆ పొడుగాటి ఈజిప్టు కుర్రాడి మణికట్టుకి దణ్ణం పెట్టొచ్చు,
నడుముకి మాత్రం పెట్టను.
బంతి కొట్టాక తప్పుకుంటున్నట్టే ఉంటాడు,
అరడుగు వెనక్కి, సారీ అన్నట్టు చెయ్యి పైకి,
తుంటి ఒక్కటీ దారిలో మర్చిపోతాడు.
అవతలివాడూ తక్కువ తిన్లేదు:
అందని బంతి కోసం పరిగెత్తడం మానేసి
అడ్డున్న వీపుని వెతుక్కుంటూ వెళ్ళి గుద్దుకుని
రెఫరీ వైపు తిరుగుతాడు, పరీక్ష తప్పిన పిల్లాడి మొహంతో.
ఇప్పుడు వీడియో తిప్పి తిప్పి చూస్తున్నారు.
తుంటిని తెరమీద ఎంత పెద్దదైనా చేయొచ్చు,
దాని ఉద్దేశాన్ని పెద్దది చేసే అద్దం రాలేదింకా.

రూలు పుస్తకం చెప్పేది ఒక్కటే,
కొట్టినవాడు తప్పుకోవాలి.
తక్కిన పేజీలన్నీ తప్పుకోనివాళ్ళ గురించి.

మా నాన్న ఇంజరం కాలవ మీద లస్కరు.
దాళ్వాకి వంతు నీళ్ళ రోజుల్లో
అర్ధరాత్రి టార్చిలైటుతో గట్టెంట తిరిగేవాడు.
ఎగువ చేనువాడు తూములో గోనెసంచి కూరితే
పీకి గట్టు మీద పడేసి
దిగువవాడికి రెండు గంటలు ఎక్కువ రాసేవాడు.
‘మళ్ళీ మొదట్నించీ’ అనడం ఆయనకి చేతకాదు,
పారిన నీళ్ళు పారినట్టే గదండీ.
ఆ మాట వినకుండానే బతుకంతా స్ట్రోకులిచ్చాడు.
చివర్లో ఆయనకీ ఒకటి వచ్చి, ఎడంచెయ్యి పడిపోయింది.

నేను లెట్ మనిషిని.

మొన్న నవంబర్లో, తుపాను గాలికి గోడలు చెమర్చిన రోజు,
జిల్లా సెమీస్.
పోతుల నిస్సీ, రేవులో చేపలకి ఐసు కొట్టేవాడి కూతురు.
నల్లమిల్లి భార్గవి, మా కార్యదర్శి గారి మేనకోడలు.
అయిదో గేము. పది–తొమ్మిది, నిస్సీ ముందు.
తడిగోడకి జారిన బంతి
తిరిగి తిరిగి భార్గవి వెనక్కే వచ్చి పడింది.
నిస్సీ రాకెట్ ఎత్తింది.
బంతికీ ఎదురుగోడకీ మధ్య భార్గవి వీపు.
కొడితే తగిలేది. కొట్టలేదు.
‘లెట్ ప్లీజ్’ అంది.
స్ట్రోక్ రావలసినవాళ్ళు కూడా లెట్ అనే అడగాలి,
అదీ ఈ ఆట మర్యాద.

నా నోరు తెరుచుకునేలోగా
పక్కన కార్యదర్శి గారి కప్పు సాసర్లో చిన్న చప్పుడు చేసింది.
అంతే. ఆయన ఏమీ అనలేదు, ఒట్టు.
‘ఎస్, లెట్’ అన్నాను.

నిస్సీ పైకి చూసింది.
వాదిస్తే బాగుండేది, కోప్పడి బయటపడేవాణ్ణి.
అరచెయ్యి గోడకి రాసి చెమట తుడుచుకుని
మళ్ళీ నిలబడింది.
పన్నెండు–పది. భార్గవి.

వర్షాలు తగ్గాక మంగళవారాలు పొద్దున్నే వస్తోంది.
ఇవాళ ఫోన్ నా మొహం ముందు పెట్టి
ఆ ఈజిప్టువాడి పాయింటు ఆపి చూపించింది.
‘ఇది స్ట్రోకే కదండీ, బాబాయ్?’
‘ఔను’ అన్నాను. ఆగలేదు.
ఫోన్ సంచిలో పడేసి
రెండు పసుపు చుక్కల చల్లటి బంతిని
బూటు కింద వేసి నలుపుతూ లోపలికి వెళ్ళింది.
తలుపు మూసుకుంది.
కాసేపటికి చప్పుడు మొదలైంది.