ఎర్రతోక

బోన్ల పెట్టేతందుకు
మాడిన సర్వపిండి ముక్క మంచిదని నర్సవ్వ చెప్పింది.
కాదు, ఎండుచాప తలకాయనే అన్నడు మా ఇంటాయన.
నేను రెండూ పెట్టిన.
పొద్దుగాల చూస్తే రెండూ లేవు.
బోను నోరు తెరుసుకొని
ఇంకేమన్న ఉన్నదా అన్నట్టు నన్నే చూస్తున్నది.

అంతకుముందు మందు గూడ తెచ్చినం.
పోచమ్మ మైదాన్ కాడ సైకిల్ మీద రికార్డు మోగించుకుంట అస్తడు,
"ఎలుకల మందు, నల్లుల మందు, బొద్దింకల మందు"
పది రూపాయల పొట్లం.
తిని ఒకటి చచ్చింది, నిజమే.
ఎక్కడ చచ్చిందో చెప్పి చావలే.
మూడొద్దులు ఇల్లంత వాసన.
నూలు చిలుపల మూటలు దింపినం, బియ్యం డబ్బ జరిపినం,
ఉన్న ఊదుబత్తులన్నీ కాల్చినం.
నాలుగోనాడు దొరికింది
కరెంటు మీటరు ఎనుక,
అట్టముక్క తీర్గ ఎండి.

జిగురట్ట సంగతి నన్నడగకుండ్రి.
ఒక్కరాత్రి అది ఒర్రిన ఒర్రుడు
ఇంకా ఈ చెవుల్ల ఉన్నది.

బియ్యం తింటే తిననీ, దానికీ కడుపున్నది.
సబ్బు తిన్నది, అదేం రుచో.
పోరని ఆధార్ కార్డు మూల కొరికింది.
కని పడుగు మీద పడ్డది చూడు,
అప్పుడు మా ఇంటాయన లేశిండు.
మగ్గం మీద మిగిలిందే ఆ ఒక్క పడుగు,
దాంట్ల ఏడు పోగులు తెంపింది.
అద్దాలు ముక్కు మీదికి జార్చుకొని
పొద్దంత అతికిచ్చుకుంట గొణిగిండు,
"తెంపుడొచ్చు లంజకు, ముడేసుడు రాదు."

ఆ రాత్రే బోను పడ్డది.
చిన్నది. చెవులు ఉల్లిపొర లెక్క,
బల్బు ఎలుగు అవుతలికి కనబడుతున్నది.
సంపబుద్ధి కాలే. ఇడువబుద్ధి కాలే.
తోక పట్టి రంగు గోలెంల ముంచిండు,
ఎర్రరంగు, జంపఖానాలకేసేది, ఉడకబెట్టినా పోదు.
"మల్ల అస్తే దొంగ దొరుకుతది" అన్నడు.
ఎనుమాముల మార్కెట్ల
మిర్చి బస్తాల నడుమ ఇడిసొచ్చిన అన్నడు.
మిర్చి ఎందుకు పాపం,
మక్కల దిక్కు ఇడువరాదా అన్న నేను.

వారం దాటలే.
నల్లా కాడ మొగిలి పెండ్లాం,
"అక్కా, మా ఇంట్లకు ఎర్రతోక ఎలుక అచ్చిందే!
మా అత్త పసుపుబొట్టు పెడతనంటున్నది!"
బిందె నిండి పొర్లుతున్నా
నా చెయ్యి నల్లా మీదికి పోలే.
మొగిలోల్లది మా ఎనుక సందే.
ఎనుమాముల ఎంత దూరమో,
మా ఇంటాయన సైకిలు ఎంత దూరం పోయిందో
అప్పుడు తెలిసింది.
ఇంకోటి గూడ తెలిసింది,
వాళ్ళు పట్టినయన్నీ
మా మోరి కాడనే ఇడుస్తున్నరట.

నర్సవ్వ తమలపాకు నములుకుంట అన్నది,
"ఇదివరకు మీ ఇంట్ల ఎలుకలేడియే?
రాత్రీ పగలూ మగ్గం కొట్టిరి.
ఆ సప్పుడుకు బల్లి నిలవకపాయె."

లెక్క జేసిన.
సొసైటీ నూలు బందు పెట్టిన నెల,
బియ్యం డబ్బ కాడ మొదటి పెంటికలు ఊడ్చిన నెల
ఒక్కటే.
ఆయనకు చెప్పలే. ఆయనకు తెలువదా?

నిన్న రాత్రి రెండింటికి మెలుకువ అచ్చింది.
గుంటల కూసున్నడు. లైటెయ్యలే. కండె ఉత్తది.
పలక తొక్కుతున్నడు, దబ్ దబ్మని కొడుతున్నడు,
ఏమీ నేస్తలేడు.
అటుక మీద గీరుడు ఆగింది.
నేను చెద్దరి చెవుల మీదికి గుంజుకోలే.
ఎన్ని దినాలయిందో ఆ సప్పుడుల పండుకొని.

పొద్దుగాల మొగిలి మా గడప కాడ నిలవడ్డడు.
"బావా, రాత్రంత మగ్గం నడిసింది, ఆర్డరచ్చిందా?"

మా ఇంటాయన పండ్లపుల్లను
ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చిండు.
నేను చాయ్ వడగడుతున్న.
జాలీల ఆకు ఉన్నది, గిలాసల చాయ్ చాలది.

"ఆఁ, అచ్చింది" అన్నడు,
"చిన్నదే."