కొసరు

డెల్బర్ట్ ట్వెట్ తన కొట్లో మేకులు తూచి అమ్మేవాడు.
త్రాసు ముల్లు పౌను దగ్గర నిలబడ్డాక
పిడికిట్లోంచి ఇంకో నాలుగు వేసేవాడు.
ముల్లు కాస్త సిగ్గుపడ్డట్టు పక్కకి వాలేది.
అప్పుడు పొట్లం కట్టేవాడు.

నాకు పదిహేనేళ్ళు. నేల ఊడ్చే పని.
ఒక శనివారం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు
స్లెట్టెన్ వాళ్ళ పెద్దాయనకి నేనే తూచాను,
ముల్లు వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా.
మెచ్చుకుంటాడనుకున్నాను.
"సరిగ్గా తూచావు," అన్నాడు.
"సరిగ్గా తూచడానికి త్రాసుంది.
మధ్యలో మనిషెందుకు మరి?"
నాలుగు మేకులు నా జేబులో వేసి
మైలున్నర మంచులో నడిపించాడు
స్లెట్టెన్ వాళ్ళ పశువుల కొట్టం దాకా.

నార్త్ డకోటాలో ఒకే వీధి ఊరు వెస్టర్‌బీ.
ఒక ధాన్యపు గాదె, రైలు ఆగడం మానేసిన స్టేషను,
ఆకాశం వడ్డీతో సహా కుమ్మరించే మంచు.
ఆ మంచులో ఆయన నడక కొంచెం ఒరిగి ఉండేది.
ఎడమ బూటు కొసలో పాత పేపరు కుక్కుకునేవాడు.
అక్కడ ఉండాల్సిన రెండు వేళ్ళు
కొరియాలో ఒక కొండ మీద ఉండిపోయాయి,
యాభయ్యో సంవత్సరం డిసెంబరులో.
పక్క పొలం కుర్రాడు, ఈయనకి ట్రాక్టరు నేర్పినవాడు,
లైల్ సోబోట్కా కూడా అక్కడే ఉండిపోయాడు.
ఇది ఆయన చెప్పలేదు. ఆర్డిస్ చెప్పింది,
అదీ మొగుడు చెవి మిషను తీసేసి పడుకున్నాక.

ఆయన చెప్పింది ఒక్కటే, ఒక్కసారే,
పొయ్యి గొట్టం బిగిస్తూ, నా వైపు చూడకుండా:
"నా తూకం ఇరవయ్యేళ్ళకే సరిపోయింది.
ఇదంతా కొసరు."

అలాగని దేవుడేం కాదు.
ఒకే కాఫీ పొడి రెండుసార్లు కాచేవాడు.
చర్చి కప్పుకి ఏ రంగన్న తగాదాలో
పాస్టరుతో పదకొండేళ్ళు మాట్లాడలేదు.
జూలై నాలుగు ఊరేగింపులో కారెక్కమంటే
ఎక్కేవాడు కాదు, అయిపోయాక వచ్చి కుర్చీలు మడిచేవాడు.
హైవే మీద పెద్ద స్టోరు తెరిచిన ఏడాది
అక్కడ మేకు కొన్నవాళ్ళ పేర్లు
తారీఖులతో సహా గుర్తుపెట్టుకున్నాడు.
వాళ్ళ ఇళ్ళలో పైపు రాత్రి రెండింటికి పగిలితే మాత్రం
వెళ్ళేవాడు, గొణుక్కుంటూ,
తన రెంచి తనే మోసుకుని.

కౌంటరు వెనక గోడకి తాళంచెవుల పలక.
ఎవరికి ఒకటి చేసిచ్చినా, వాళ్ళకి చెప్పే,
ఇంకోటి చేసి అక్కడ తగిలించేవాడు.
మతిమరుపు ముసలమ్మలు, తప్పతాగిన మొగుళ్ళు
అర్ధరాత్రి వచ్చి తట్టేది ఆయన తలుపే.
తాళాలన్నీ ఒకడి గోడకి వేలాడేసి
అరవయ్యేళ్ళు హాయిగా నిద్రపోయింది ఊరు.

కొట్టు మూసిన రోజు ఎవరివి వాళ్ళకి పంచిపెట్టాడు.
నూట పన్నెండు మిగిలాయి.
కొన్నిటికి మనుషుల్లేరు. కొన్నిటికి ఇళ్ళే లేవు,
ఆ చోట ఇప్పుడు పొద్దుతిరుగుడు చేలు.
అయినా పారెయ్యలేదు.
ఆదివారాలు కూర్చుని వాటికి నూనె రాసేవాడు.

తొంభై నాలుగో ఏట, మార్చిలో,
నేలింకా గడ్డకట్టి ఉండగానే పోయాడు.
ఆర్డిస్ పక్కన గొయ్యి తవ్వబోతే
యంత్రానికి రెండు పళ్ళు విరిగాయి.
పెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి.
నా కోటు జేబులో నాలుగు మేకులున్నాయి.
ఎందుకని అడక్కండి.

సైనిక వందనానికి ఊళ్ళో మిగిలింది ముగ్గురే,
వియత్నాం వెళ్ళొచ్చినవాళ్ళు, మోకాళ్ళరిగినవాళ్ళు.
మూడుసార్లు పేల్చాలి. పేల్చారు.
జెండా మడిచి మనవరాలి చేతిలో పెడుతుండగా,
అంతా అయిపోయిందనుకున్నాక,
వర్న్ బెర్గన్ వణికే వేలి కింద
నాలుగోది పేలింది.

కాకులు లేచాయి. వర్న్ మొహం కందిపోయింది.
ప్రార్థన మధ్యలో పాస్టరు తడబడ్డాడు.
నాకు మాత్రం
త్రాసు ముల్లు కాస్త పక్కకి వాలినట్టనిపించింది.