తిరుగు మునక

అరవై అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు.
మునక మూడడుగులు మించకూడదు,
మించితే పాటువేళ మొగ దాటదు,
ఒండ్రులో కూచున్న గేదె అయిపోతుంది.
మడదీవి దివాణం వారి ఉత్తర్వులో ఇంతే ఉంది.
ఎవరి ఓడ మీదికో రాయలేదు.
జలసేన అంటే అప్పటికి రెండు లాంచీలు,
తుప్పెక్కిన ఒక ఫిరంగి, పదకొండు టోపీలు.

కాలవల శాఖలో లాకుతలుపులు గీసినవాణ్ణి.
నిలబడే నీళ్ళ లెక్క తెలుసు,
పరిగెత్తే చెక్క లెక్క తెలీదు.
తాళ్ళరేవు గట్టున తాటాకు పాకలో
లాంతరు పెట్టుకుని తెల్లవార్లూ బరువులు కోశాను.
కటకటాలు తీసేశాను. వంటపొయ్యి తీసేశాను.
నావికుడు నడుం వాల్చే బల్ల కూడా తీసేశాను,
అంత వేగంగా పోయేవాడికి నిద్రెందుకు?
ఒక్కో మణుగు తగ్గినప్పుడల్లా
కాగితం మీద పడవ కొంచెం ఒళ్ళు విరుచుకునేది.

మావుళ్ళు మేస్త్రీకి నక్షా చదవడం రాదు.
దాన్ని నేలమీద పరిపించి, కాళ్ళు కడుక్కొచ్చి,
అమరం నుంచి ముక్కుదాకా దానిమీద నడిచాడు.
"ఇక్కడిదాకా కొయ్యింగ నడుమే బాబూ,
ఇక్కణ్ణించి గుమస్తా నడుము" అన్నాడు.
ఆ గీత చెరిపాను.

టేకు పలకల మధ్య కొబ్బరిపీచు కూరి,
గుగ్గిలం మరిగించి పోసి,
చైత్రంలో ఏట్లోకి దింపాం.
ఇనపచేప మాత్రం రాలేదు, సీమనుంచి రావాలట.
దాని గొట్టంలో దాని బరువుకి సరిపడా
ఇటుకలు పేర్చాం. ఇరవై ఎనిమిది మణుగులు.

బుడే సాహెబు బొగ్గెయ్యగానే
మడచెట్లు రెండుపక్కలా వెనక్కి పరిగెత్తాయి.
నా గుండె నా కాగితాన్ని దాటి పోయింది.
వెనక లేచిన అలకి
గవరమ్మ పీతలబుట్టలు నాలుగూ తిరగబడ్డాయి.
నడుంలోతు నీళ్ళలో నించుని
మమ్మల్నీ, మా దివాణాన్నీ, ఆవిరి కనిపెట్టినవాణ్ణీ
ఏకంగా శపించింది.
ఆరణాలిచ్చాను.
ఏ పద్దు కింద రాయాలో తెలీక
"సీలలు" అని రాశాను.

ఆ రాత్రి చుట్ట వెలిగించుకుంటూ మేస్త్రీ అడిగాడు:
"మరి చేపని వదిలేశాక?"
వదిలేశాక ఏముంది, పేలుతుంది.
"అది కాదు బాబూ. ముక్కులో బరువు పోద్ది గదా,
ముక్కు లెగుద్ది, అమరం కుంగుద్ది.
అప్పుడు మునకెంత?"

లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను.
మూడడుగుల తొమ్మిదంగుళాలు.
పోవడానికి గీసిన పడవ.
పనయ్యాక మొగదగ్గర,
ఇంటి పొగ కనిపించేంత దూరంలో,
ఇసకమేట ఎక్కి ఆగిపోతుంది.

దివాణంలో పేష్కారు నక్షా తిప్పి చూసి అన్నాడు:
"తిరిగి రావడం ఉత్తర్వులో లేదే."

లేదు. నిజమే.
ఆ మాట మేస్త్రీకి చెబితే ఉమ్మేశాడు.
"మా పడవల్లో ఎప్పుడూ చేసేదే.
సరుకు దింపాక మనుషులే సరుకు.
చుక్కానివాడూ, బొగ్గువాడూ తప్ప
ఐదుగుర్నీ ముక్కుమీద కూచోబెట్టు."

ఐదుగురంటే ఇరవై ఆరు మణుగులు,
రెండు తక్కువయ్యాయి అన్నాను.
"తడిసిన బట్టల్ని లెక్కెయ్యలేదు నువ్వు."

నేను తీసేసిన బల్ల
మర్నాడు ముక్కుదగ్గర మళ్ళీ మొలిచింది.
గంటకి అరమైలు వేగం తగ్గింది.
నక్షాలో దానికి పేరు పెట్టలేదు,
సన్నటి గీత మాత్రం గీసి ఊరుకున్నాను.

ఇనపచేప ఈ ఆషాఢానికీ రాలేదు.
వారానికోసారి సముద్రంలోకి పోయి
ఇటుకలు గుమ్మరించి వస్తారు.
పాటువేళ, ఎర్రనీళ్ళ మీద,
ఐదుగురు మగాళ్ళు ముక్కున ఇరుక్కు కూచుని
కాళ్ళు వేలాడేసుకుని మొగ దాటుతుంటే
గట్టుమీంచి నేను అమరం దగ్గరి గీతనే చూస్తాను,
తడి ఎంతదాకా వచ్చిందా అని.

ఇటుకల ఖర్చు ఎందుకింత పెరిగిందని
పేష్కారు నుంచి తాఖీదు వచ్చింది.
ఇంకా జవాబు రాయలేదు.